ప్యాకెట్ మీద "రైతుకు న్యాయమైన ధర" అని రాసే ముందు

మా చిన్న కాఫీ ప్యాకింగ్ యూనిట్ మూడో సీజన్లో విశాఖపట్నంలో ఒక ఎగ్జిబిషన్లో స్టాల్ పెట్టాం. పావుకిలో కాఫీ పొడి ప్యాకెట్లు ఐదు వందలు తీసుకెళ్తే ఒక్కటీ మిగల్లేదు. ప్యాకెట్ మీద ఆకుపచ్చ అక్షరాలతో "రైతుల నుంచి నేరుగా, న్యాయమైన ధరకు" అని రాయించాను. ఆ సంతోషంలో చింతపల్లి దగ్గర మేం కాఫీ కొనే ఊరికి ఒక ప్యాకెట్ పట్టుకెళ్ళాను. మాకు కాఫీ ఇచ్చే అక్క ఇంటి అరుగు మీద కూర్చున్నాం. డిగ్రీ చదువుతున్న వాళ్ళమ్మాయి ప్యాకెట్ మీద ఉన్నదంతా పైకి చదివి వినిపించింది. అక్క మొత్తం విని, "ఎన్ని అమ్ముడుపోయాయమ్మా?" అంది. చెప్పాను. కాసేపు లెక్క వేసుకుని మళ్ళీ అడిగింది. "మా ఊరి నుంచి రెండు బస్తాలే కదమ్మా వెళ్ళింది. ఐదొందలు ఎలా అయ్యాయి?"

రెండు బస్తాలంటే మొత్తం 80 కిలోల పార్చ్‌మెంట్. అంటే పండు తొక్క తీసి, కడిగి, ఎండబెట్టిన గింజ. దాని మీద ఇంకా పలుచని పెచ్చు ఉంటుంది. ఆ పెచ్చు తీయిస్తే సుమారు 64 కిలోల పచ్చి గింజ వస్తుంది. వేయిస్తే 52 కిలోలు. పావుకిలో చొప్పున కడితే రెండు వందల పైచిలుకు ప్యాకెట్లు. మిగతా సరుకు నేను సంతలో ఒక వ్యాపారి దగ్గర కొన్నాను. ఆర్డర్ టెన్షన్‌లో ఉన్నాను, ఆయన చెప్పిన రేటు ఇచ్చేశాను. అందులో రైతుకి ఎంత ముట్టిందో నాకు తెలియదు. కాఫీ బాగానే ఉంది, కొన్నవాళ్ళెవరూ ఫిర్యాదు చేయలేదు. కానీ సగానికి పైగా ప్యాకెట్ల మీద నేను రాసింది అబద్ధం. బడికి వెళ్ళని ఆ అక్క నోటిలెక్కతో దాన్ని పట్టుకుంది.

ఆ రోజు నుంచి లేబుల్ రాసే పద్ధతి మొత్తం మార్చుకున్నాను. చిన్న ప్యాకింగ్ యూనిట్లు నడిపేవాళ్ళకి, రైతు సంఘాల వాళ్ళకి, డ్వాక్రా గ్రూపుల వాళ్ళకి పనికొస్తుందని ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. నాకు తెలిసింది కాఫీ కాబట్టి కాఫీతోనే చెబుతాను. పసుపు, మిరియాలు, చింతపండు, తేనె, దేనికైనా దారి ఇదే.

ముందు కొనుగోలు పుస్తకం

డిజైనర్‌కి ఫోన్ చేసే ముందు కొనుగోలు పుస్తకం తెరవండి. పుస్తకంలో లేని మాట ప్యాకెట్ మీదికి రాకూడదు. నా పుస్తకంలో ఒక్కో కొనుగోలుకి ఒక్కో వరుస ఉంటుంది. తేదీ, ఊరు, రైతు పేరు, సరుకు ఏ రూపంలో ఉంది (పండా, పార్చ్‌మెంటా, తొక్కతోనే ఎండబెట్టిన చెర్రీయా), బస్తా బరువు తీసేశాక అసలు తూకం, కిలో రేటు, తేమకి ఏమైనా కోత పెట్టామా, డబ్బు ఎప్పుడు ఇచ్చాం, చేతికిచ్చామా, బ్యాంకులో వేశామా. చివర్లో రైతు సంతకం లేదా వేలిముద్ర.

ఇందులో రెండు గడులు చాలామంది వదిలేస్తారు. మొదటిది డబ్బు ఇచ్చిన తేదీ. మంచి రేటే ఒప్పుకుని మూడు నెలలు తిప్పించుకుంటే, ఈలోపు ఆ రైతు ఇంట్లో పెళ్ళికో వైద్యానికో షావుకారు దగ్గర వడ్డీకి తెచ్చుకుంటాడు. మీరు ఎక్కువ ఇచ్చామనుకున్నది ఆ వడ్డీకే పోతుంది. అలాంటి కొనుగోలుని న్యాయమైన ధర అని నేను రాయను. రెండోది అదే రోజు బయట రేటు ఎంత ఉందనేది. మా వైపు గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ, సీజన్‌కి కాఫీ కొనుగోలు ధర ప్రకటిస్తుంది. ఆ ధర, ఆ వారం సంతలో నడిచిన రేటు, రెండూ పక్కన రాసుకుంటాను. "మార్కెట్ కంటే ఎక్కువ ఇచ్చాం" అని రాయాలంటే ఏ మార్కెట్, ఏ రోజు అన్నది చూపించగలగాలి.

తూకం సంగతి కూడా చెప్పాలి. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, తూకం రైతు ఎదురుగా జరగాలి, అంకె పైకి చదవాలి. కిలో రేటులో రూపాయి కలిపి, బస్తాకి కిలో "తరుగు" పట్టుకునేవాళ్ళని చూశాను. ఏ లేబులూ ఆ కిలోని తిరిగి ఇవ్వదు.

ఇక అక్క నేర్పిన పరీక్ష. ప్రతి బ్యాచ్‌కి కొన్న బరువు నుంచి లెక్క కట్టి, ఎన్ని ప్యాకెట్లు రావాలో ముందే పుస్తకంలో రాసుకోండి. కాఫీకి నేను వాడే లెక్క ఇది: పార్చ్‌మెంట్ నుంచి పచ్చి గింజ వందకి 80, వేయిస్తే ఆ పచ్చి గింజలో వందకి 15 నుంచి 20 తరుగు. లేబుళ్ళు కూడా ఆ లెక్కకే ఇవ్వాలి. రోల్ మొత్తం ప్యాకింగ్ బల్ల మీద పెడితే చేయి ఎక్కడా ఆగదు. మా దగ్గర బ్యాచ్‌కి లెక్కపెట్టి ఇస్తాం, చిరిగినవి కూడా వెనక్కి తీసుకుంటాం.

గుర్తు వేరు, మాట వేరు

ఫెయిర్ ట్రేడ్ అని విడిగా రాస్తే అది ఒక వ్యాపార పద్ధతి పేరు. ఫెయిర్‌ట్రేడ్ అని కలిపి రాస్తే అది ఒక సంస్థ ట్రేడ్‌మార్క్. నలుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో చేయెత్తిన మనిషిలా కనిపించే గుండ్రని గుర్తు ఫెయిర్‌ట్రేడ్ ఇంటర్నేషనల్ వాళ్ళది. ఈ లేబుళ్ళ కథ 1988లో నెదర్లాండ్స్‌లో, మెక్సికో రైతుల కాఫీతో మొదలైంది. దేశానికొకటిగా పెరిగిన సంస్థలన్నీ 1997లో ఒక గొడుగు కిందికి వచ్చాయి. 2013లో ఆ గుర్తు మన దేశపు మార్కెట్లోకీ వచ్చింది. ఆ గుర్తు వేసుకోవాలంటే రైతు సంఘానికి సర్టిఫికెట్ ఉండాలి, మధ్యలో చేతులు మారే ప్రతి చోటా తనిఖీ ఉండాలి, ప్యాకెట్ అమ్మేవాళ్ళకి లైసెన్స్ ఉండాలి. "మేం కొన్న సంఘానికి సర్టిఫికెట్ ఉంది కదా" అని మన ప్యాకెట్ మీద ఆ గుర్తు ముద్రించుకోవడం కుదరదు. దాన్ని పోలిన గుండ్రటి బొమ్మ గీయించుకోవడమూ తప్పే. డిజైనర్లు ఇంటర్నెట్ నుంచి తెచ్చి తగిలిస్తారు, ప్రూఫ్‌లో చూసుకోవాలి.

ప్రపంచ ఫెయిర్ ట్రేడ్ సంస్థ, డబ్ల్యూఎఫ్‌టీఓ, పద్ధతి వేరు. అక్కడ ఒక సరుకుని కాకుండా సంస్థ మొత్తం నడవడిని పది సూత్రాల ప్రకారం చూస్తారు. అమెరికాలో ఫెయిర్ ట్రేడ్ యూఎస్ఏ 2011 చివర్లో విడిపోయి సొంత గుర్తుతో నడుస్తోంది. అక్కడున్న మనవాళ్ళు షాపుల్లో రెండు రకాల గుర్తులూ చూస్తుంటారు, రెండూ ఒకటి కావు.

కాఫీ విషయంలో ఫెయిర్‌ట్రేడ్ గుర్తు వెనక ఉన్న లెక్క తెలిస్తే మన సొంత లేబుల్ కూడా జాగ్రత్తగా రాస్తాం. అరబికా అనే కాఫీ రకంలో కడిగి ఎండబెట్టిన గింజకి 2023 ఆగస్టులో పెట్టిన కనీస ధర పౌనుకి 1.80 డాలర్లు, అంటే కిలోకి దాదాపు 4 డాలర్లు. దాని పైన పౌనుకి 20 సెంట్ల ప్రీమియం. ఆర్గానిక్ అయితే ఇంకో 40 సెంట్లు. ఈ కనీస ధర ఓడకి ఎక్కించే దగ్గర రైతు సంఘానికి అందే ధర. అందులోంచి క్యూరింగ్ (పెచ్చు తీసి గింజ శుభ్రం చేయించడం), రవాణా, ఆఫీసు ఖర్చులు పోయాకే రైతు చేతికి. ప్రీమియం కూడా సంఘానిదే. బడికా, కల్లానికా, పల్పింగ్ మెషిన్‌కా అన్నది సభ్యులు ఓటేసి తేల్చుకుంటారు. కాబట్టి గుర్తు ఉన్నవాళ్ళు కూడా "రైతుకి కిలోకి 4 డాలర్లు" అని రాయకూడదు.

ఇంకో మాట. కనీస ధర అంటే ధర పడిపోయినప్పుడు రైతు పడిపోకుండా పట్టుకునే చెయ్యి. ధర పెరిగినప్పుడు మార్కెట్ రేటే ఇస్తారు, పైన ప్రీమియం. 2025 ఫిబ్రవరిలో అంతర్జాతీయ మార్కెట్లో అరబికా పౌనుకి 4 డాలర్లు దాటింది. ఆ సీజన్లో కనీస ధర మీద ఆధారపడి "మార్కెట్ కంటే ఎక్కువ ధర" అని ఎవరైనా రాసి ఉంటే ఆ మాటకి అర్థం లేదు. మన దగ్గరా ఇదే జరుగుతుంది. నిరుడు నిజమైన వాక్యం ఈ ఏడు నిజం కాకపోవచ్చు. ధర గురించి రాసే ప్రతి వాక్యం పక్కన సీజన్ రాయడం నేను అందుకే మొదలుపెట్టాను.

గుర్తు లేకుండా ఏం రాయాలి

మాలాంటి చిన్న యూనిట్లలో ఎక్కువమందికి ఏ గుర్తూ ఉండదు. అందులో సిగ్గుపడాల్సింది లేదు. చేసిన పని చేసినట్టు రాస్తే సరిపోతుంది. నా పాత లేబుల్ మీద వాక్యాలు ఒక్కొక్కటీ ఇలా సరిచేసుకున్నాను.

"రైతుల నుంచి నేరుగా" అన్నది "అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో 31 మంది రైతుల దగ్గర వాళ్ళ ఊళ్ళోనే తూచి కొన్నాం" అయింది. ఆ అంకె పుస్తకంలోంచి వస్తుంది, ప్రతి సీజన్ మారుతుంది. సంతలో కొన్న సరుకు ఉంటే అది వేరే బ్యాచ్, దాని లేబుల్ మీద ఈ వాక్యం ఉండదు. రెండూ కలపాల్సి వస్తే ఏ వంతు ఎక్కడిదో రాస్తాను.

"న్యాయమైన ధర" అన్న మాట పూర్తిగా తీసేశాను. దాని చోట మేం ఇచ్చిన రేటు, అదే సీజన్లో జీసీసీ ప్రకటించిన రేటు పక్కపక్కనే వేస్తాను. న్యాయమో కాదో చదివేవాళ్ళే చూసుకుంటారు. ఒక సీజన్లో మా రేటు కిలోకి కొద్ది రూపాయలే ఎక్కువ వచ్చింది. వేయకుండా ఉందామా అని మనసు లాగింది, వేశాను.

"లాభంలో సగం రైతులకే" లాంటి వాక్యాలు చాలా ప్యాకెట్ల మీద కనిపిస్తాయి. శాతం రాయాలంటే దేంట్లో శాతమో రాయాలి. ఒక లెక్క చూడండి. పావుకిలో పొడికి సుమారు 380 గ్రాముల పార్చ్‌మెంట్ పడుతుంది. కిలో 300 రూపాయలకి కొన్నామనుకుందాం, అప్పుడు ప్యాకెట్‌లో రైతు వాటా 114 రూపాయలు. ఎంఆర్‌పీ 400 అనుకుంటే అది వందకి 28 రూపాయల 50 పైసలు. షాపు వాళ్ళకి వదిలే కమీషన్ తీసేసి, మాకు వచ్చే 300 మీద లెక్క కడితే అదే 114 రూపాయలు 38 శాతం అవుతుంది. ఇంకా ఖర్చులన్నీ తీసేసి "ముడిసరుకు, మా మిగులు" అని రెండు వాటాలే చూపిస్తే 60, 70 శాతం కూడా వేసుకోవచ్చు. మూడూ లెక్క ప్రకారం తప్పు కావు. కానీ కొనేవాళ్ళు ఇచ్చేది 400 కాబట్టి నేను ఎంఆర్‌పీ మీదే రాస్తాను. అంకె చిన్నగా కనిపిస్తుంది. అడిగినవాళ్ళకి క్యూరింగ్, వేయించడం, ప్యాకెట్, రవాణా, పన్ను, షాపు కమీషన్ విడివిడిగా చెబుతాను. ఇంతవరకు ఎవరూ ప్యాకెట్ కింద పెట్టి వెళ్ళిపోలేదు.

చికోరీ, ఆర్గానిక్, అరకు

ఈ మూడు మాటల దగ్గర జారిపోయేవాళ్ళు ఎక్కువ.

ఫిల్టర్ కాఫీకి మన ఇళ్ళల్లో చికోరీ కలిసిన పొడి అడుగుతారు. కలపడంలో తప్పులేదు, ఎంత కలిపామో దాచడంలో తప్పుంది. చట్టప్రకారం కాఫీ వంతు 51 శాతానికి తగ్గకూడదు, రెండిటి శాతాలూ ప్యాకెట్ మీద ఉండాలి. 70:30 పొడి కడుతూ ముందువైపు రైతు గురించి రెండు వాక్యాలు రాసి, చికోరీని వెనక మూలకి నెట్టేస్తే, కొనేవాళ్ళు ప్యాకెట్ మొత్తం ఆ రైతు పంటే అనుకుంటారు. మేం ముందువైపే రాస్తాం: "కాఫీ 70 శాతం, చికోరీ 30 శాతం. పైన చెప్పిన ధర కాఫీకి మాత్రమే. చికోరీ గుజరాత్‌ది, బజార్లో కొన్నది." విదేశీ చాక్లెట్ల మీద ఫెయిర్‌ట్రేడ్ గుర్తు పక్కన చిన్న నల్ల బాణం ఉంటుంది, గమనించారా? వివరం వెనక ఉంది, తిప్పి చూడండి అని దాని అర్థం. కోకో, చక్కెర, టీ, పళ్ళరసాల్లో సర్టిఫికెట్ ఉన్న సరుకునీ లేనిదాన్నీ ఫ్యాక్టరీలో కలిపి, కొన్న బరువుకి సరిపడా మాత్రమే గుర్తుతో అమ్మడానికి ఆ పద్ధతిలో వీలుంది. కాఫీకి ఆ వీలు లేదు, గింజ విడిగానే నడవాలి.

కొండల్లో మందులు వేయరు కాబట్టి ఆర్గానిక్ అని రాసేద్దామనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆర్గానిక్ ఆహారానికి 2017 నుంచి ప్రత్యేక నిబంధనలున్నాయి, వాటితోపాటే జైవిక్ భారత్ అనే గుర్తూ వచ్చింది. ఆర్గానిక్ సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి రెండు దారులు: బయటి సంస్థ తనిఖీ చేసే ఎన్‌పీఓపీ, లేదా రైతులే గ్రూపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్. రెండోది ఖర్చు తక్కువ, మన ఊళ్ళకి బాగా కుదురుతుంది. పొలం మార్పిడి దశలో ఉంటే పీజీఎస్ గ్రీన్, పూర్తయ్యాకే పీజీఎస్ ఆర్గానిక్. ఈ రెండిటినీ కలిపేసి రాయకండి. సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా మా లేబుల్ మీద ఆ మాట లేదు.

అరకు పేరు అమ్ముడుపోతుంది, అందరికీ తెలుసు. "అరకు వ్యాలీ అరబికా"కి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే జీఐ. ఆ ప్రాంతంలో పండినంత మాత్రాన ఎవరైనా ఆ పేరూ గుర్తూ వాడుకోవడానికి లేదు, అధీకృత వినియోగదారుగా రిజిస్టర్ చేసుకోవాలి. మేం "చింతపల్లి మండలం" అని రాస్తున్నాం. మొదట్లో అమ్మకం కొంచెం తగ్గింది. ఇప్పుడు చింతపల్లి కాఫీ అని అడిగి తీసుకునేవాళ్ళు ఉన్నారు, ఆ ఊళ్ళవాళ్ళకి అది ఎంత సంతోషమో చెప్పలేను.

"స్వచ్ఛమైన", "సహజమైన", "సంప్రదాయ" లాంటి మాటలకి కూడా ఆహార ప్రకటనల మీద వచ్చిన 2018 నిబంధనల్లో షరతులున్నాయి. ఏమీ కలపని ఒకే సరుకైతేనే స్వచ్ఛం అనాలి. మీ బ్రాండ్ పేరులోనే అలాంటి మాట ఉంటే, అది బ్రాండ్ పేరు మాత్రమేననీ సరుకు గుణాన్ని చెప్పదనీ కనీసం 3 మిల్లీమీటర్ల అక్షరాల్లో రాయాలి. "100 శాతం" అన్న మాట వాడొద్దని 2025 మేలో ఆహార భద్రతని చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సలహా ఇచ్చింది. నా పాత లేబుళ్ళ మీద అది రెండు చోట్ల ఉండేది.

మిగతా వెనకవైపు

ఇవి ఎలాగూ తప్పవు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. సరుకు పేరు, పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకి, పోషకాల పట్టిక అవసరమైనచోట, ఆకుపచ్చ శాకాహార గుర్తు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు (1తో మొదలైతే లైసెన్స్, 2తో మొదలైతే రిజిస్ట్రేషన్), తయారీదారు పూర్తి చిరునామా, బ్యాచ్ నంబరు, తేదీలు, నికర బరువు, పన్నులన్నీ కలిపి ఎంఆర్‌పీ, గ్రాముకి ఎంత పడుతుందో ఆ యూనిట్ ధర, ఫిర్యాదులకి ఫోను, ఈమెయిల్. 400 రూపాయల పావుకిలోకి యూనిట్ ధర గ్రాముకి 1.60. తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గాని హిందీలో గాని ఉండాలి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు, రెండిటి మధ్య తేడా రాకూడదు. తప్పు లేబుల్‌కి ఆహార భద్రత చట్టంలో 3 లక్షల దాకా, తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా ఉంది.

బ్యాచ్ నంబరు మీద కొంచెం శ్రద్ధ పెట్టండి. మా నంబరులో సీజన్, ఊరి గుర్తు, కొనుగోలు పుస్తకం పేజీ ఉంటాయి. ఎవరైనా ప్యాకెట్ ఫొటో పంపి ఇది ఎవరి పంట అని అడిగితే పేజీ తీసి చెబుతాను. పేజీ దొరకని నంబరుంటే ఆ బ్యాచ్ మీద రైతు గురించి ఏమీ రాయకూడదు.

రైతు ఫొటో వేయాలనుకుంటే ముందు అడగండి, అచ్చయ్యాక ఎలా ఉంటుందో చూపించి మళ్ళీ అడగండి. ఫొటోలో ఉన్నవాళ్ళ పంట ఆ ప్యాకెట్లో ఉండాలి. నవ్వుతున్న ముసలమ్మ బొమ్మ ఎక్కడినుంచో కొనుక్కొచ్చి తగిలించడం నాకు చాలా బాధ కలిగించే విషయం. మా అక్క వద్దంది. "నా మొహం ఎందుకమ్మా, ఊరి పేరు పెట్టు" అంది. అందుకే మా ప్యాకెట్ల మీద ఊళ్ళ పేర్లే ఉంటాయి.

ప్రెస్‌కి పంపే ముందు

ప్రూఫ్ కాగితం తీసుకుని ఊరికి వెళ్తాను. మాకు కాఫీ ఇచ్చిన రైతుల్లో కనీసం ముగ్గురు ఉండగా అక్క వాళ్ళమ్మాయి పైకి చదువుతుంది. ఒక్కో వాక్యం తర్వాత ఆగుతుంది. కిందటి సారి "కొన్న రోజే డబ్బు చెల్లించాం" అన్న వాక్యం దగ్గర వెనక కూర్చున్న ఒకాయన, "నాకు నాలుగో రోజు వచ్చిందండి" అన్నాడు. పుస్తకం తీశాం. నిజమే, మధ్యలో బ్యాంకు సెలవులు వచ్చాయి. అక్కడికక్కడే కొట్టేసి "వారం లోపు" అని రాసి, పక్కన ఆయన చేత సంతకం పెట్టించాం.

అప్పటికే అచ్చయిన లేబుళ్ళలో తప్పు తేలితే స్టిక్కర్‌తో కప్పకండి, కట్ట మొత్తం పక్కన పెట్టేయండి. ఆ ఎగ్జిబిషన్ తర్వాత నా దగ్గర పన్నెండు వందల పాత లేబుళ్ళు మిగిలాయి. వెనకవైపు తెల్లగా ఉంటుంది కాబట్టి వాటిని తూకం చీటీలుగా వాడాం. ఒక చీటీ రైతుకి, ఒకటి పుస్తకానికి.

ఇప్పుడు మా ప్యాకెట్ ముందువైపు ఉన్నది ఇంతే: "చింతపల్లి మండలం కాఫీ. 31 మంది రైతుల దగ్గర వాళ్ళ ఊళ్ళోనే తూచి కొన్నాం. పార్చ్‌మెంట్ కిలోకి మేం ఇచ్చింది ____, ఈ సీజన్ జీసీసీ ధర ____. వారం లోపు చెల్లించాం. మాకు ఫెయిర్ ట్రేడ్ సర్టిఫికెట్ లేదు. కొనుగోలు పుస్తకం అడిగితే చూపిస్తాం." రెండు ఖాళీలూ ప్రెస్‌లో నింపించను. బ్యాచ్ కట్టే రోజున పుస్తకం పక్కన పెట్టుకుని రబ్బరు స్టాంపుతో వేస్తాం.